లేని బొటనవేలు నొప్పి, ఉన్న సాకెట్ ఒరిపిడి

గుంటూరు నుంచి ఒక పాఠకుడు వివరంగా రాశారు. వయసు 47, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. పది నెలల కిందట హైవే మీద లారీ తగిలి కుడికాలు నుజ్జయితే, మోకాలి కింద ఐదారు అంగుళాలు ఉంచి తీసేశారు. ఐదు నెలల కిందట అప్పు చేసి విజయవాడలో సిలికాన్ లైనర్ (మిగిలిన కాలికి తొడిగే మెత్తని తొడుగు), పిన్ లాక్ (ఆ తొడుగు అడుగున ఉండే పిన్నును పట్టి ఉంచేది) ఉన్న కృత్రిమ కాలు చేయించుకున్నారు. పొద్దున అది ఎక్కదు, బలవంతంగా తొడిగితే మధ్యాహ్నానికి వదులై లోపల ఆడుతుంది, సాయంత్రానికి కాలి ముందువైపు ఎముక కొస ఎర్రబడి మండుతుంది. కాలుతో పాటు ఇచ్చిన సాక్స్ కట్ట ఎందుకో తెలియక విప్పనే లేదు. రెండు నెలలుగా కాలు మూలన పడి ఉంది. రాత్రి పన్నెండు దాటాక లేని పాదంలో వేళ్లు ముడుచుకుపోయి, బొటనవేలి గోరు అరికాల్లో దిగుతున్నట్టు బాధ. మిగిలిన కాలికి బయటివైపు ఒకచోట వేలు తగిలితే కరెంటు కొట్టినట్టు లేని పాదం దాకా పాకుతుంది. మెడికల్ షాపులో అడిగి రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుంటున్నారు. "అదే ఆలోచిస్తూ కూర్చుంటే నొప్పి రాక ఏమొస్తుంది" అంటారు భార్య. కాలిని ఆస్పత్రివాళ్లు కాల్చేశారు కాబట్టే మంట, శాంతి చేయించమంటారు చిన్నాన్న. ఇంకో రెండంగుళాలు పైకి కోయిస్తే పోతుందని ఒకరు, ఈ కాలు పారేసి ఉచితంగా జైపూర్ కాలు పెట్టించుకోమని ఇంకొకరు. జనవరిలో సీజన్ మొదలయ్యేసరికి మళ్లీ యార్డుకి వెళ్లగలనా అన్నది ఆయన చివరి ప్రశ్న.

సమాధానం:

మీరు ఒకే బాధగా రాసినవి నిజానికి మూడు. అర్ధరాత్రి లేని వేళ్లలో వచ్చేది ఫాంటమ్ నొప్పి. వేలు తగిలితే జివ్వుమనేది తెగిన నరం కొస దగ్గర పుట్టేది కావచ్చు. సాయంత్రం ఎముక కొసన మండేది అచ్చంగా సాకెట్, అంటే కృత్రిమ కాలిలో మీ కాలు దూరే గట్టి గిన్నె, పుట్టించింది. ఈ మూడూ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పగలంతా ఒరుసుకున్న స్టంప్ (కోశాక మిగిలిన కాలు) రాత్రికి ఫాంటమ్ నొప్పిని లేపుతుంది, రాత్రి నిద్ర లేని మనిషికి పొద్దున కాలు తొడుక్కునే ఓపిక ఉండదు. అందుకని మూడింటికీ కలిపి ఒక మాత్ర, ఒక ఆపరేషన్, ఒక కొత్త కాలు వెతకడంలో లాభం లేదు. ముందు సాకెట్ సంగతి చూడమంటాను. మూడింటిలో ఖాయంగా బాగుపడేది, త్వరగా బాగుపడేది అదే.

దానికంటే ముందు ఇంట్లో వాళ్ల మాటలకు జవాబు. ఫాంటమ్ నొప్పి ఊహ కాదు. అవయవం తీసేసిన వాళ్లలో సగానికి పైగా మందికి ఎంతో కొంత ఉంటుంది. 16వ శతాబ్దంలోనే ఫ్రెంచి సర్జన్ ఆంబ్రోయిజ్ పారే దీని గురించి రాశాడు. పాదం పోయినా మెదడులో పాదానికి కేటాయించిన భాగం పోదు. తెగిన నరాలు, వెన్నుపాము పంపే అడ్డదిడ్డమైన సంకేతాలను అది పాదం నొప్పిగానే చదువుకుంటుంది. దిగులు, నిద్రలేమి నొప్పిని పెంచే మాట నిజమే. అంతమాత్రాన నొప్పిని పుట్టించింది దిగులు కాదు. చిన్నాన్నగారికి కూడా చెప్పండి, తీసేసిన అవయవాలను ఆస్పత్రులు నిబంధనల ప్రకారం పసుపు సంచిలో వేసి పంపిస్తాయి, వాటిని దహనం చేయడం రివాజు. నొప్పి ఉన్నవాళ్ల కాళ్లూ లేనివాళ్ల కాళ్లూ వెళ్లేది అక్కడికే. శాంతి చేయించుకుంటే మనసుకు ఊరట అనుకుంటే చేయించుకోండి, ఆ ఖర్చు సాకెట్ సర్దుబాటుకి అడ్డు రాకుండా చూసుకోండి.

ఇక సాకెట్. పొద్దున బిగుతు, మధ్యాహ్నం వదులు అన్నారు. కాలు తయారీలో లోపం లేకపోయినా ఇలా జరుగుతుంది. రాత్రి స్టంప్ మీద ఏ ఒత్తిడీ లేకపోతే నీరు దిగి ఉబ్బుతుంది. పొద్దున సాకెట్లో పెట్టి నాలుగడుగులు వేసేసరికి ఆ నీరు పైకి నెట్టుకుపోయి, మధ్యాహ్నానికి స్టంప్ సన్నబడుతుంది. అప్పుడు రోట్లో రోకలిలా పైకీ కిందికీ ఆడుతూ అడుక్కి దిగిపోతుంది. ముందువైపు ఎముక కొస అడుగున తగిలి ఎర్రబడేది అందుకే. దీనికి రెండు వైపుల నుంచి పని చేయాలి.

మొదటిది రాత్రి. కాలు విప్పిన ప్రతిసారీ, పడుకున్నప్పుడు కూడా, ష్రింకర్ అనే బిగుతు తొడుగు వేసుకోండి. కాలు చేసిన చోటే మీ కొలతకు ఇస్తారు. లేకపోతే నాలుగంగుళాల వెడల్పు సాగే బ్యాండేజీ. దాన్ని గాజులు తొడిగినట్టు గుండ్రంగా చుట్టకూడదు, ఎనిమిది అంకె ఆకారంలో ఏటవాలుగా చుట్టాలి. కొసన ఎక్కువ బిగువు, మోకాలి వైపు వచ్చేకొద్దీ తక్కువ. పైన బిగిస్తే నీరు కొసలోనే ఆగిపోయి ఇంకా ఉబ్బుతుంది. నాలుగైదు గంటలకోసారి విప్పి మళ్లీ చుట్టాలి. మీకు షుగర్ ఉంది కాబట్టి విప్పినప్పుడల్లా చర్మం చూడండి. ఆ కాలికి రక్తప్రసరణ తక్కువని ఎప్పుడైనా చెప్పి ఉంటే డాక్టర్ని అడిగాకే ఏ బిగుతు తొడుగైనా. ఇంకొక మాట, మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునే అలవాటు ఉంటే ఈ రాత్రే మానేయండి. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగి బిగుసుకుపోతే ఎంత మంచి కాలైనా కుదరదు.

రెండోది పగలు. మీరు విప్పని ఆ కట్టలో పలచని సాక్స్, మందం సాక్స్ ఉండాలి. వాటి మందాన్ని ప్లై లెక్కన చెబుతారు, ఒకటి, మూడు, ఐదు. లైనర్ మీద, సాకెట్ లోపల వేసుకోవాలి. పిన్ బయటికి రావడానికి అడుగున రంధ్రం ఉంటుంది. సాక్స్ దారం పిన్ను కింద ఇరుక్కుంటే లాక్ పడదు, పడినా ఊడదు, అందుకని రంధ్రం అంచును వెనక్కి లాగి చూసుకోండి. ఎప్పుడు వేయాలో పిన్ను చప్పుడే చెబుతుంది. పొద్దున నిలబడి బరువు వేసినప్పుడు ఎన్ని టిక్‌లు పడ్డాయో లెక్క పెట్టండి. నాలుగు పడేచోట మధ్యాహ్నం ఏడు పడుతున్నాయంటే స్టంప్ లోపలికి దిగుతోందన్నమాట. ఒక ప్లై వేసి చూడండి, చాలకపోతే ఇంకొకటి. ఒకేసారి ఐదు ప్లై వేస్తే బిగుసుకుపోయి, కొస గాల్లో వేలాడుతుంది. పైన బిగుతు, కింద ఖాళీ అయితే కొస నల్లగా కమిలి నీరు కారుతుంది. ఒరుపు కన్నా అది ప్రమాదం.

లైనర్ తొడగడం కూడా ఒకసారి సరిచూసుకోండి. పూర్తిగా తిరగేసి, దాని అడుగును స్టంప్ కొసకు గాలి లేకుండా ఆనించి, వేళ్ల మెత్తని భాగంతో పైకి చుట్టుకుంటూ పోవాలి. సాక్సులా లాగకూడదు, లాగితే గోళ్లు దిగి చిరుగుతుంది, చర్మం కూడా సాగుతుంది. కొస దగ్గర గాలి బుడగ మిగిలితే అక్కడే పొక్కులు వస్తాయి. పిన్ను కాలికి సూటిగా ఉండాలి, పక్కకు వాలితే లాక్ పట్టదు.

ఇవన్నీ సరిగ్గా చేశాక కాలు విప్పి చర్మం చూసుకోండి. మోకాలిచిప్ప కింది పట్టీ దగ్గర ఎర్రగా ఉంటే భయం లేదు, బరువు మోయాల్సింది అదే. పది పదిహేను నిమిషాల్లో ఆ ఎరుపు పోవాలి. ముందువైపు ఎముక కొసన, మోకాలి బయటివైపు బుడిపె మీద ఎరుపు వస్తే, పావుగంటకీ పోకపోతే సాకెట్ సర్దాల్సిందే. సాక్స్ మొత్తం పది ప్లై దాటితే సర్దుబాటు కాదు, కొత్త సాకెట్ కావాలి. కాలు తీసిన మొదటి ఏడాది, ఏడాదిన్నరలో స్టంప్ సన్నబడుతూనే ఉంటుంది కాబట్టి ఇది అందరికీ వచ్చేదే. అప్పుడు కాలు మొత్తం కొనక్కర్లేదు. పాదం, పైపు బాగుంటే అవే వాడి సాకెట్ ఒక్కటి చేయించుకోవచ్చు. "మొత్తం మార్చాలి" అంటే ఎందుకో అడగండి.

విజయవాడ వెళ్లినప్పుడు టెక్నీషియన్‌ను ఇంకో సంగతి అడగండి. కాలు బిగించిన రోజు మీరు బూట్లు వేసుకుని ఉంటే, ఆ మడమ ఎత్తుకే కాలు సరిచేసి ఉంటారు. ఇంట్లో వట్టి పాదంతో నడిస్తే మడమ దిగి కాలు వెనక్కి వాలుతుంది, మోకాలు వెనక్కి తోసినట్టై, చదునైన నేల మీద కూడా గట్టు ఎక్కుతున్నట్టు ఉంటుంది. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం బయటే కాబట్టి ఈ చిక్కు చాలామందికి వస్తుంది. అదే మడమ ఎత్తున్న జోడు ఒకటి ఇంట్లోకే ప్రత్యేకంగా పెట్టుకోవడం తేలిక.

రెండు నెలలు వదిలేశారు కాబట్టి ఒక్కసారిగా రోజంతా వేసుకోకండి. పొద్దున గంట, సాయంత్రం గంట, అందులో నడక సగమే. విప్పి చూసి చర్మం బాగుంటే రోజుకో అరగంట పెంచండి. పొక్కు లేస్తే అది మానేదాకా కాలు వేసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు పొక్కు పుండుగా మారడం ఎంతసేపు? చీము, వేడి, జ్వరం ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రికి.

ఇక ఆ కరెంటు షాక్. తెగిన నరం కొస పెరగబోయి ముడిలా గడ్డకడితే న్యూరోమా అంటారు. వేలితో తడితే పాదం దాకా పాకడం దాని గుర్తుల్లో ఒకటి. ఆర్థోపెడిక్ డాక్టర్ ఎక్స్‌రేలో ఎముక ముల్లు పెరిగిందేమో చూస్తారు, అల్ట్రాసౌండ్‌లో న్యూరోమా కనబడవచ్చు. సరిగ్గా అక్కడే మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తే కాసేపు నొప్పి పోయిందంటే మూలం దొరికినట్టే. దొరికితే దారులు ఉన్నాయి. సాకెట్లో అక్కడ ఒత్తిడి తగలకుండా కాస్త గుంట చేయించడం అన్నిటికంటే చవక, చాలామందికి అదే సరిపోతుంది. తర్వాత ఇంజెక్షన్లు. చివరగా ఆపరేషన్, ఆ ముడిని తీసి నరం కొసను కండలో పాతడమో, పెద్ద ఆస్పత్రుల్లో అయితే కండకు వెళ్లే మరో నరానికి కలపడమో చేస్తారు.

ఇదీ మీకు చెప్పిన "ఇంకో రెండంగుళాలు" ఒకటి కాదు. ఫాంటమ్ నొప్పి పోతుందని కాలు ఇంకా పైకి కోయించుకోవడానికి ఒప్పుకోకండి. నరాలు మళ్లీ కొత్తగా తెగుతాయి, నొప్పి అక్కడి నుంచి మళ్లీ మొదలు కావచ్చు. ఉన్న ఐదారు అంగుళాలు కృత్రిమ కాలిని తిప్పే పిడి, అది తగ్గితే పట్టు తగ్గుతుంది. ఎముక ఇన్ఫెక్షనో రక్తప్రసరణ లేకపోవడమో ఉంటే మాట వేరు, అవి మీ ఉత్తరంలో లేవు.

రాత్రి నొప్పికి వద్దాం. డైక్లోఫెనాక్ లాంటివి దీనికి పెద్దగా పనిచేయవు. తొమ్మిదేళ్ల షుగర్ మీద రోజూ వేస్తే కిడ్నీకి, కడుపుకి, బీపీకి చేటు. ముందు ఒకసారి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, ఎలాగూ నరాల మందు రాసే డాక్టర్‌కీ ఆ అంకె కావాలి. సాధారణంగా రాసేవి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్, డులాక్సెటిన్. అమిట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో, గాబాపెంటిన్ 100 లేదా 300తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే "పనిచేయలేదు" అని ఆపేయకండి, వాడుతున్నదాన్ని ఉన్నట్టుండి మానకండి కూడా. అమిట్రిప్టిలిన్‌తో నోరెండిపోవడం, పొద్దున మత్తు, మూత్రం బిగబట్టడం ఉండొచ్చు, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ తల తిప్పుతాయి. కిడ్నీ బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. వీటితో ఒంట్లో నీరు చేరడం కూడా ఉంది, అది స్టంప్‌లోనూ చేరుతుంది. ప్రీగాబలిన్ మొదలుపెట్టాక సాకెట్ బిగుతైతే టెక్నీషియన్‌ను తిట్టకుండా డాక్టర్‌కు చెప్పండి. అందరికీ పనిచేసే మందు ఇందులో ఏదీ లేదు, కొందరికి రెండో మూడో మార్చి చూడాల్సి వస్తుంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో చూపించుకుంటే పెయిన్ క్లినిక్ సౌకర్యం ఉందేమో అడిగి వెళ్లండి.

మీది వేళ్లు ముడుచుకుని గోరు దిగే నొప్పి కాబట్టి అద్దం పద్ధతి తప్పక చూడదగ్గది. మన తమిళనాడులో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో తెచ్చిన పద్ధతి ఇది. ఖర్చు ఒక అద్దం. అద్దాల కొట్లో మూడు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున కోయించి, అంచులు అరగదీయించి, చుట్టూ టేపు వేయించండి. కృత్రిమ కాలు విప్పి మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. అద్దాన్ని రెండు కాళ్ల మధ్య నిలువుగా, ముఖం ఎడమకాలి వైపు ఉండేలా నిలబెట్టండి. కుడివైపు స్టంప్ అద్దం వెనక కనబడకుండా ఉండాలి. ఎడమకాలికి నల్లతాడు లాంటిది ఉంటే తీసేయండి, అద్దంలో కనిపించేది మీ కుడికాలే అని మెదడు నమ్మాలి. ఇప్పుడు ఎడమకాలి వేళ్లను, కుడివైపు ఎలా ముడుచుకున్నట్టు అనిపిస్తోందో అలాగే ముడవండి. అద్దంలోకే చూస్తూ, చాలా మెల్లగా తెరవండి. లేని కాలితో కూడా అదే పని చేస్తున్నట్టు ప్రయత్నించండి. తర్వాత పాదం పైకి, కిందికి, చీలమండ గుండ్రంగా. రోజూ పావుగంట, ఫోన్ పక్కన పెట్టి, కనీసం నాలుగు వారాలు. కొందరికి మొదట్లో తల తిరుగుతుంది, ఏడుపు వస్తుంది, అరుదుగా నొప్పి పెరుగుతుంది. అలా అయితే ఆపి, అద్దం లేకుండా కళ్లు మూసుకుని పాదం కదిలిస్తున్నట్టు ఊహించడంతో మొదలుపెట్టి, కొన్నాళ్లకు అద్దానికి రండి. ఇదీ అందరికీ పనిచేయదు. కానీ ఏ మందుతోనూ దీనికి తగాదా లేదు.

నొప్పి వచ్చిన నిమిషంలో చేయదగ్గవి కొన్ని. స్టంప్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నొక్కడం, పిడికిలితో మెల్లగా తట్టడం, లేని పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తున్నట్టు లోపలి కండలు బిగించి వదలడం. ష్రింకర్ వేసుకోవడం కూడా కొందరికి ఉపశమనం. మూత్రం నిండినప్పుడు, విసర్జన వేళ నొప్పి ఎగసిపడడం ఉంటుంది, కంగారు పడకండి. వేడి కాపడం మాత్రం వద్దు, షుగర్ వల్ల స్పర్శ తగ్గిన చర్మానికి కాలింది తెలియదు. పగలు తువ్వాలుతో, దూదితో, గరుకు గుడ్డతో మార్చి మార్చి స్టంప్‌ను ఐదేసి నిమిషాలు రుద్దుతుంటే ఒరుపుకు అలవాటు పడుతుంది. రెండు వారాలు ఒక చీటీ రాయండి: నొప్పి వచ్చిన టైము, ఎక్కడ, పదిలో ఎంత, ఆ రోజు కాలు ఎన్ని గంటలు వేసుకున్నారు. డాక్టర్ ముందు "చాలా నొప్పండీ" అనడం కన్నా ఆ చీటీ ఎక్కువ పనిచేస్తుంది. కాలు సరిగ్గా కుదిరి పగలంతా వాడుతున్నకొద్దీ రాత్రి నొప్పి తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు, కుదరని కాలితో పెరిగినవాళ్లూ ఉన్నారు. సాకెట్ సంగతి ముందు పెట్టింది అందుకే.

జైపూర్ కాలు గురించి. 1960ల చివర్లో జైపూర్‌లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ రూపొందించిన రబ్బరు పాదం అది. వట్టి పాదంతో నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేయొచ్చు, నీళ్లలో బురదలో దిగొచ్చు. భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి ఉచితంగా ఇస్తోంది. క్యాంపులో అయితే కొలత, బిగింపు త్వరగా అయిపోతాయి, కానీ నెల తర్వాత ఎముక కొస నొక్కుకుంటే క్యాంపు వెళ్లిపోయి ఉంటుంది. మీ లైనర్ కాలికి మెత్తదనం, పట్టు ఎక్కువ. కానీ లైనర్‌ను ఏడాదికో రెండేళ్లకో మార్చాలి, దానికి వేలల్లో ఖర్చు. నా ఉద్దేశంలో ఉన్నదాన్ని పారేయడం తొందర. సర్దుబాట్లు చేయించి రెండు నెలలు వాడి చూడండి. ఆ తర్వాత జైపూర్ కాలు రెండో కాలుగా, స్నానానికి, ఇంటి పనికి పెట్టుకుంటే అంతకన్నా కావాల్సిందేముంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకున్నట్టు మీరు రాయలేదు. సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకోండి, 40 శాతం పైన వైకల్యం ఉండి అర్హత కుదిరితే నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంది. లైనర్ ఖర్చుకు అదొక ఆధారం.

ఎడమకాలిని మరిచిపోకండి. ఇప్పుడు బరువంతా దాని మీదే. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోండి, వేళ్ల సందులు కూడా. మంచం పక్కన చేతికందేలా కర్రో వాకరో, ఒక చిన్న లైటు ఉండాలి. లేని కాలు ఉన్నట్టే అనిపించి, నిద్రమత్తులో దాని మీద దిగి పడిపోయేవాళ్లు ఎందరో.

యార్డు సంగతి. ఇప్పటి నుంచి మొదలుపెడితే జనవరికి రోజంతా కాకపోయినా పూటపనికి వెళ్లే అవకాశం ఉంది, చర్మం ఒప్పుకోవాలి. కొట్టు యజమానితో ముందే మాట్లాడి, మొదటి నెల కాటా దగ్గర కుర్చీలో కూర్చుని చీటీలు రాసే పని అడగండి. బస్తాల మధ్య తిరిగే పని తర్వాత చూడొచ్చు. మధ్యాహ్నం ఒకసారి పక్కకు వెళ్లి లైనర్ విప్పి, చెమట తుడిచి, చర్మం ఆరాక తొడుక్కోండి. మార్చి దాటాక మన ఎండలకు రెండుసార్లు. పౌడరు వేయొద్దు, చెమటతో ముద్దకట్టి ఒరుస్తుంది. లైనర్‌ను రోజూ రాత్రి వాసన లేని సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, నీడలో ఆరబెట్టండి. వీలైతే రెండు లైనర్లు ఉంచుకుని రోజు మార్చి రోజు వాడండి. యార్డులో లైనర్ ముట్టుకునే ముందు ప్రతిసారీ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి. మిర్చి ఘాటు చెమటతో కలిసి సిలికాన్ లోపల చిక్కితే, విప్పి కడిగేదాకా మంట ఆగదు.